మిరపకు పొరుగు, పోషణ – మన వంటింటి కారము

2021వ సంవత్సరము డిసెంబరు నెలలో ఒకనాటి ఉదయము, గుంటూరులో ఉపాధ్యాయినిగా పనిచేయుచున్న ఒక గృహిణి నా వైద్యశాలకు వచ్చినారు. అంతకు రెండేండ్ల ముందు ఆమె అమ్లపిత్తముతో బాధపడుచుండగా చికిత్స చేసితిని. అప్పుడు మందులతోపాటు రెండు మాటలు చెప్పియుంటిని: కారము సగమునకు తగ్గింపవలెను, తినెడి ఆ కొద్దిపాటి పచ్చిమిరపకాయలను వీలైనచో ఇంటనే పండించుకొనవలెను. ఆమె రెంటిని పాటించినారు. మేడమీద పది కుండీలలో మిరప మొక్కలను పెంచినారు. ఆనాడు చేతిసంచిలోనుండి ఒక మిరప కొమ్మను తీసి నా బల్లమీద పెట్టినారు. ఆకులన్నియు అంచులు పైకి లేచి దోనెలవలె ముడుచుకొనియున్నవి. పూత రాలిపోయినది. కొమ్మ చివర గిడసబారినది.

"మొక్కలన్నీ ఇలాగే అయిపోయాయండీ డాక్టరుగారూ. పక్కింటివాళ్ళు పొలానికి తెచ్చుకున్న మందు కొంచెం ఇస్తే కొట్టాను. పురుగు కాస్త తగ్గింది. కొట్టిన మూడో రోజు కాయలు కోసి పచ్చడి చేశాను. కడిగే చేశాననుకోండి. పిల్లలు కూడా తిన్నారు. ఏమన్నా అవుతుందాండీ?"

ఎవరికిని ఏమియు కాలేదు. అయినను ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. బజారు కాయల మీది విషమునకు వెరచి ఇంట పెంచుకొనుడని చెప్పినవాడను నేనే. ఎట్లు పెంచవలెనో, ప్రక్కన ఏమి నాటవలెనో, ఏమి పెట్టవలెనో చెప్పలేదు. "ఎరువు బాగా వేయండమ్మా" అని మాత్రము అంటిని. ఆమె ఆ మాటను నమ్మి పచ్చి పేడ వేసినారు, ఆముదపు పిండి వేసినారు, అదియు చాలదని యూరియా కూడ వేసినారు. టమాటా, వంగ కుండీలను మిరప కుండీలకు ఆనించి పెట్టినారు. వైద్యుడు పథ్యమును సగమే చెప్పినచో రోగి చేసిన అపథ్యములో సగము వైద్యునిదే. ఆనాడు చెప్పక విడిచిన సగమును ఈ పాఠములో చెప్పుచున్నాను.

ఆ సంవత్సరము సామాన్యమైనది కాదు. గుంటూరు, కృష్ణా, ప్రకాశము జిల్లాలలోను, తెలంగాణలో ఖమ్మము, వరంగల్లు ప్రాంతములలోను మిరప తోటలపై నల్ల తామర పురుగు విరుచుకుపడినది. ఇది మన దేశమునకు క్రొత్తగా వచ్చిన పురుగు. 2015 ప్రాంతమున బెంగుళూరు వద్ద బొప్పాయి మీద మొదట గుర్తింపబడినది. మనకు పూర్వమునుండి తెలిసిన తామర పురుగు లేత ఆకును గీకి రసమును పీల్చును. ఈ క్రొత్తది పువ్వులోనికి చేరి దాగును. పైన కొట్టిన మందు దానికి సరిగా తగులదు. వారమునకు రెండు మారులు మందు కొట్టియు ఫలము కానక, కాపుకు వచ్చిన తోటను స్వయముగా పీకివేసిన రైతులను నేను చూచితిని.

పల్నాడులో నాకు తమ్ముని వరుస అయిన రైతు ఒకడు కలడు. అతని తోటకును పురుగు వచ్చినది. అయినను సగము పంట చేతికందినది. చుట్టుప్రక్కల అదియు లేదు. ఏమి చేసితివని అడుగగా, "ఏం చేయలేదన్నయ్యా, యూరియా తగ్గించా, చుట్టూ జొన్న వేశా. తోట నల్లగా నిగనిగలాడుతుంటే మనకు ముచ్చట, పురుగుకు విందు. ఏపుగా ఉన్నదాన్నే ముందు పట్టుద్ది" అన్నాడు. ఒక్క తోటను చూచి సిద్ధాంతము చేయరాదు. కాని అతడు చెప్పిన రెండు సంగతులును, అనగా పోషణలో మితము, పొరుగున రక్షణ, వ్యవసాయ శాస్త్రజ్ఞులు ఆ పురుగునకు చెప్పిన జాగ్రత్తలలో ఉన్నవే.

సంహితలలో లేని కాయ

ప్రస్తుత విషయమునకు ముందు ఒక మాట చెప్పవలెను. మిరపకాయ మన ప్రాచీన వైద్య సంహితలలో లేదు. చరక సుశ్రుతులకు తెలిసిన కటు ద్రవ్యములు శుంఠి, పిప్పలి, మరిచము. మరిచమనగా మన మిరియము. మిరప అమెరికా ఖండపు మొక్క. పోర్చుగీసు నావికులు దానిని 16వ శతాబ్దములో మన తీరమునకు తెచ్చినారు. మిరియము అను మాటనుండియే మిరప అను మాట వచ్చినదని పెద్దలు చెప్పుదురు. కనుక మిరప సాగును గూర్చి ఋషులు ఇట్లు చెప్పినారని ఎవరైన వ్రాసినచో నమ్మరాదు.

అయితే మొక్కలకు వైద్యము చేయు శాస్త్రము మనకు లేకపోలేదు. సురపాలుని వృక్షాయుర్వేదము అట్టిది. దాని వ్రాతప్రతి ఆక్స్‌ఫర్డులోని బోడ్లియన్ గ్రంథాలయమున భద్రముగా నుండగా, దానిని తెప్పించి 1996లో సికిందరాబాదులోని ఆసియన్ అగ్రి-హిస్టరీ ఫౌండేషన్ వారు ఇంగ్లీషు అనువాదముతో ప్రకటించినారు. అనువదించినవారు నళినీ సాధలేగారు. మనుష్య దేహమునకు వలెనే చెట్టునకును వాత పిత్త కఫ దోషములు కలవని ఆ గ్రంథకారుని మతము. మాంసము, మజ్జ మొదలగువాటిని ఉడికించి పులియబెట్టి చేయు కుణపజలమను ద్రవపు ఎరువును అందు చెప్పినాడు. మధ్యతరగతి ఇంటి మేడమీద దానిని చేసినచో మరునాడే ప్రక్కింటివారు తగవుకు వచ్చెదరు. ఆ యోగమును మనము గ్రహింపనక్కరలేదు. మొక్కను రోగివలె చూచి, మొదట ఆహార విహారములను విచారింపవలెనను దృష్టిని గ్రహించిన చాలును.

ముడతలో మూడు విధములు

నాడి చూడక మందిచ్చు వైద్యునివలె, ముడత కనబడగానే ఏదో ఒక మందు కొట్టుట మన ఇండ్లలో ఆచారమైనది. ఆకును చేతిలోనికి తీసికొని చూడవలెను. అంచులు పైకి ముడిచియున్నచో అది తామర పురుగు పని. అంచులు క్రిందికి ముడిచి, తొడిమ సాగి, ఆకు తిరగవేసిన దోనెవలె ఉన్నచో అది నల్లి. నల్లి పురుగుజాతిది కాదు, సాలెపురుగునకు దాయాది. పురుగు మందు దానిని చాలవరకు తాకదు. నీటిలో కరగు గంధకమును లీటరునకు మూడు గ్రాముల చొప్పున కలిపి చల్లినచో తగ్గును. ఇక ఆకులు చిన్నవై, బొబ్బలెక్కి, గుత్తిగా చేరి, మొక్క ఎదుగక నిలిచిపోయినచో అది తెల్లదోమ మోసుకొని వచ్చు బొబ్బర తెగులు. దీనికి మందు లేదు. ఆ మొక్కను పెరికి దూరముగా పారవేయుటయే మిగిలిన మొక్కలకు చేయదగిన వైద్యము. పెంచిన చేతితో పెరుకుటకు మనసొప్పదు. కాని ఒక్క మొక్కపై జాలి తక్కిన తొమ్మిదింటికి చేటు.

పొరుగు

మిరపకు చెడ్డ పొరుగు దాని స్వజాతియే. టమాటా, వంగ, బంగాళాదుంప, పొగాకు, మిరప ఒకే కుటుంబపు మొక్కలు. ఒకదానికి వచ్చు తెల్లదోమ, పేనుబంక, వేరులో బుడిపెలు కట్టు నులిపురుగు, నిలువునా వడలబెట్టు ఎండు తెగులు మరియొకదానికి సులభముగా వచ్చును. వీటిని ప్రక్కప్రక్కన పెట్టరాదు. ఒక సంవత్సరము వంగ వేసిన మట్టిలో మరు సంవత్సరము మిరపను నాటరాదు. ఆ మట్టిలో ఒక కాలము పెసరనో, గోంగూరనో, తోటకూరనో పండించి తరువాత మిరపకు వచ్చుట మేలు. ఆ ఉపాధ్యాయినిగారి మేడమీద మొదట తెల్లదోమ పట్టినది టమాటాను.

మంచి పొరుగులలో మొదట చెప్పదగినది జొన్న. దొడ్డిలో నాలుగు మళ్ళు వేసికొనువారు మిరప నారు నాటుటకు మూడు నాలుగు వారముల ముందుగానే చుట్టును రెండు మూడు వరుసలు జొన్నగాని, సజ్జగాని, మొక్కజొన్నగాని చల్లవలెను. మిరప నిలదొక్కుకొనునప్పటికి అది నిలువెత్తు గోడవలె లేచును. అది గాలికి మాత్రమే అడ్డు కాదు. వైరస్ తెగులును మోసుకొని వచ్చు పేనుబంక ముందుగా జొన్నపై వాలి, ఆకును గుచ్చి చూచును. దాని నోటి సూదికి అంటియున్న వైరస్ అక్కడనే తుడుచుకొనిపోవును. జొన్నకు ఆ తెగులు రాదు. మిరపను చేరునప్పటికి పురుగు ఉన్నను, అది తెచ్చిన తెగులు చాలవరకు పోయియుండును. గుమ్మము ముందు కాళ్ళు కడుగుకొని లోనికి రమ్మనుట వంటిదే ఇది. అయితే తెల్లదోమ మోయు బొబ్బర తెగులు అట్లు తుడుచుకొనిపోవునది కాదు. అది పురుగు కడుపులోనే ఉండును. అక్కడ జొన్న ఉపయోగము రాకను కొంత అడ్డుట మాత్రమే.

ఆముదము మరియొక మంచి పొరుగు. పొగాకు లద్దె పురుగు తల్లి రెక్కల పురుగునకు వెడల్పాటి ఆముదపాకు మిరపాకుకంటె ఇష్టము. మడి గట్టున అక్కడక్కడ ఒక ఆముదపు మొక్క ఉన్నచో గ్రుడ్లను దానిమీదనే పెట్టును. వారమునకు రెండు మారులు ఆ ఆకుల అడుగు భాగమును చూచి, గ్రుడ్ల గుంపు ఉన్న ఆకును త్రుంచి కాల్చవలెను. చూడక విడిచినచో ఆ ఆముదము పురుగులకు పుట్టినిల్లగును. ఎర పంట వేయుట అనగా ప్రతిదినము కాపలా కాయుటకు ఒప్పుకొనుట.

బంతిని గూర్చి జాగ్రత్తగా చెప్పవలసియున్నది. బంతి వేళ్ళనుండి వెలువడు ద్రవ్యము మట్టిలోని నులిపురుగులను అణచును. కాయతొలుచు పురుగు తల్లి బంతి మొగ్గలపై గ్రుడ్లు పెట్టుటకు ఇష్టపడును. ఈ రెండు కారణములచేత మిరపతో బంతిని నాటుడని అందరును చెప్పుదురు, నేనును చెప్పుచుంటిని. కాని బంతి పువ్వు తామర పురుగునకు కూడ మంచి ఇల్లే. పువ్వును తెల్ల కాగితముపై దులిపి చూచినచో సన్నని నల్లని నలుసులు పరుగెత్తుట కనబడును. కాబట్టి నులిపురుగు బాధ ఉన్న మట్టిలో మిరపకు ముందు ఒక కాలము బంతిని పెంచి, పూలు కోసికొని, మొక్కలను తీసివేయుట ఉత్తమము. మిరపతో కలిపి పెంచదలచినవారు పువ్వును చెట్టున వాడనీయక విచ్చినదానిని విచ్చినట్లు కోసి దేవుని మందిరమునకు చేర్చవలెను.

ధనియాలు, అలసంద, సోంపు వంటివి మిరప మధ్య అక్కడక్కడ ఉండదగినవి. కొత్తిమీరను అంతయు కోసికొనక రెండు మూడు మొక్కలను పూతకు విడువవలెను. ఆ చిన్ని తెల్లని పూలకు వచ్చు ఈగలు, అక్షింతల పురుగులు, అల్లిక రెక్కల పురుగులు పేనుబంకను తినును లేదా వాటి పిల్లలు తినును. ఎర్రని వీపుపై నల్లని చుక్కలుగల అక్షింతల పురుగును చూచి కొందరు గృహిణులు చంపుచున్నారు. అది మన ఇంటికి పిలువక వచ్చిన వైద్యుడు. మందు కొట్టినచో మొదట చచ్చునదియు అదే. తామర పురుగు మాత్రము పది దినములలో మరల బయలుదేరును.

అలసందను గూర్చి ఒక అపోహ కలదు. పప్పుజాతి మొక్క గాలిలోని నత్రజనిని వేళ్ళలో నిలువచేయును గనుక ప్రక్కనున్న మిరప దానిని వెంటనే త్రాగునని అనుకొందురు. అట్లు కాదు. ఆ నత్రజనిలో హెచ్చు భాగము అలసంద తనకే వాడుకొనును. దాని వేళ్ళును, ఆకులును మట్టిలో చివికిన తరువాతనే తరువాతి పంటకు అందును. జనుము, జీలుగ, పిల్లిపెసర చల్లి పూతకు రాగానే దున్నుటలోని రహస్యమిదే.

మరియొక ప్రశ్న నాకు తరచుగా వచ్చును: బజ్జీ మిరప ప్రక్కన సన్న మిరప ఉన్నచో బజ్జీ కాయ కారమెక్కునా? ఈ సంవత్సరపు కాయకు ఏమియు కాదు. కాయ గుజ్జు తల్లి మొక్కది. పుప్పొడి కలసినచో ఆ మార్పు గింజలోనికి పోవును. ఆ గింజను దాచి మరు సంవత్సరము నాటినవారికి మాత్రము బజ్జీలో ఆశ్చర్యము ఎదురగును. కనుక విత్తనము కట్టుకొనువారు రెండు రకములను దూరముగా పెంచవలెను. తులసి ప్రక్కన పెరిగిన మిరపకు రుచి హెచ్చునని చెప్పుమాటకు నాకు ఆధారము కనబడలేదు. తులసికి తేనెటీగలు వచ్చును, అది చాలును.

ఆహారము

నూరు కిలోల యూరియాలో 46 కిలోల నత్రజని కలదు. నూరు కిలోల పశువుల ఎరువులో సుమారు అర కిలో. వేపపిండిలో అయిదు కిలోల ప్రాంతము. ఈ మూడు అంకెలను మనసున ఉంచుకొన్నచో ఇంటి కుండీలో జరుగు తప్పులలో హెచ్చు భాగము తప్పిపోవును. ఒక చెంచా యూరియా అనగా సుమారు అర కిలో పేడ ఎరువులోని బలము ఒక్కసారిగా పడుట. పసిబిడ్డకు మినపసున్ని పెట్టినట్లుండును.

యూరియాను నేను విషమనుట లేదు. నీటి వసతిగల మిరపకు ఎకరమునకు 120 కిలోల నత్రజని, 24 కిలోల భాస్వరము, 48 కిలోల పొటాష్ అని మన రాష్ట్రపు వ్యవసాయ శాస్త్రజ్ఞుల సిఫారసు. అదియు ఒక్కసారి కాక దఫదఫాలుగా వేయవలసినది. అడుగున ఎకరమునకు పది టన్నుల చివికిన పశువుల ఎరువు ఉండవలసినది. కాని పొలములో పశువులు తగ్గినవి. పేడ ఎరువు పోయి, దాని చోటును కూడ బస్తాయే ఆక్రమించినది. పొటాష్ విడిచి నత్రజనిని మాత్రము పెంచుట మరియొక తప్పు.

నత్రజని మితిమీరినచో మొక్కలో ఏమగును? కఫము ప్రబలిన దేహము మీరు చూచియే యుందురు: నిగనిగలాడును, బరువెక్కును, బలముండదు. మొక్కయు అట్లే. ఆకు పెద్దదగును, మెత్తబడును, కణపు గోడలు పలుచబడును, రసములో తేలికగా జీర్ణమగు నత్రజని పదార్థములు నిండును. పూత ఆలస్యమగును. రసము పీల్చు పురుగునకు అంతకన్న సుఖమేమున్నది? పురుగు వచ్చును, పురుగునకు మందు వచ్చును, మందు కాయమీద నిలుచును, కాయ మన కారపు డబ్బాలోనికి వచ్చును. ఆ విష పరంపరకు మొదలు తరచుగా ఎరువు వేయు చేతిలోనే ఉన్నది. పురుగు మందును నిందించు మనము ఈ మొదటి మెట్టును చూచుట లేదు.

పచ్చి పేడ సంగతి వేరు. మన శాస్త్రములో అగ్నిచే పక్వము కాని ఆహారమును ఆమమందురు. పచ్చి పేడ మట్టికి ఆమము. అది మట్టిలో కుళ్ళునప్పుడు వేడి పుట్టును, వేరు మాడును, వేరు పురుగు, చెదలు చేరును. పేడను నీడలో కుప్పవేసి, తడి ఆరకుండ చూచి, నాలుగైదు మాసములు చివుకనిచ్చి, వాసన పోయి పొడిపొడిగా రాలునప్పుడు వాడవలెను. చేతిలోనికి తీసికొన్నచో అడవి మట్టి వాసన రావలెను, పశువుల కొట్టము వాసన కాదు.

ఆముదపు పిండి మంచి ఎరువే గాని చిన్నపిల్లలు, పెంపుడు కుక్కలు తిరుగు ఇంట దానిని నేను వేయింపను. ఆముదపు గింజలోని తీవ్రమైన విషము నూనెలోనికి రాక పిండిలోనే నిలుచును. ఆ వాసనకు కుక్కలు వచ్చి తిని ప్రాణము మీదికి తెచ్చుకొనును. వేపపిండి ఆ భయము లేనిది. అది నెమ్మదిగా కరగి ఆహారమగును, నులిపురుగును, వేరు పురుగును కొంత అణచును.

బూడిదలో పొటాష్ కలదు. కాయ రంగునకు, తోలు గట్టిదనమునకు పొటాష్ అవసరము. అయితే బూడిద క్షారము. గుంటూరు వైపు నల్లరేగడి మట్టి సహజముగానే క్షార స్వభావము కలది; అందు గుప్పెళ్ళతో బూడిద చల్లుట అజీర్తి రోగికి మరల భోజనము పెట్టుట. ఎర్రమట్టి కుండీకి పూత సమయమున ఒక చెంచా చాలును.

కాయ చివర నల్లబడి కుళ్ళినచో సున్నము కొరత యనుకొని కోడిగ్రుడ్డు పెంకులను పొడిచేసి వేయుదురు. చాలసార్లు మట్టిలో సున్నము ఉండనే ఉండును. మూడు దినములు ఎండబెట్టి, నాలుగవనాడు ముంచెత్తి నీరు పోయుటవలన ఆ సున్నము కాయ చివరకు చేరదు. స్రోతస్సులు అడ్డినచో కడుపునిండ తిన్నను ధాతువు కృశించునని చదివినవారికి ఇది వింత కాదు. యూరియా హెచ్చినను ఇట్లే జరుగును. పెంకుల పొడికన్న క్రమము తప్పని నీరు ముఖ్యము.

ఇక కుండీకి నేను చెప్పు కొలత. పదునాలుగు అంగుళముల కుండీకి ఒక మొక్క మాత్రమే. ఎర్రమట్టి, ఇసుక, బాగా చివికిన ఎరువు లేదా వానపాముల ఎరువు సమపాళ్ళు. అందు రెండు గుప్పెళ్ళ వేపపిండి. నలువది దినముల నారు నాటవలెను. నెలకొకసారి ఒక గుప్పెడు వానపాముల ఎరువు, ఒక చెంచా వేపపిండి. మరేమియు వద్దు. మొక్క మరీ ముదురు పచ్చనై, పూత లేక ఏపుగా పెరుగుచున్నచో ఆ నెల ఏమియు వేయక లంఘనము చేయింపవలెను.

పురుగు కనబడినచో ముందుగా ఆకుల అడుగు భాగమునకు గట్టిగా నీరు కొట్టవలెను. తగ్గనిచో యాబది గ్రాముల వేపగింజల పప్పును నూరి, లీటరు నీటిలో రాత్రి నానవేసి, వడగట్టి, చిటికెడు సబ్బు పొడి కలిపి సాయంకాలము చల్లవలెను. వారము విడిచి మరల చల్లవలెను. తామర పురుగునకు నీలి రంగు జిగురు అట్టలు, తెల్లదోమకు పసుపు రంగు అట్టలు కట్టవలెను. పొలమునకు తెచ్చిన మందును ఇంటి మొక్కపై ఎన్నడును చల్లరాదు. తెలియక చల్లినచో, మందు డబ్బాపై కోతకు ముందు ఎన్ని దినములు ఆగవలెనో వ్రాసియుండును. అన్ని దినములును కాయలను ముట్టరాదు. నీటితో కడిగినచో అంతయు పోవుననుకొనుట పొరపాటు. కొన్ని మందులు మొక్క లోనికే ఇంకును.

సంవత్సరపు కాయలు కొనునప్పుడు

పది కుండీలు పచ్చిమిరపకు చాలును, సంవత్సరపు కారమునకు చాలవు. ఫాల్గుణ చైత్రములలో ఎండు మిరప కొనక తప్పదు. తెలిసిన రైతు ఉన్నచో ధరకు ముందు రెండు ప్రశ్నలు అడుగవలెను: చివరి మందు కొట్టి ఎన్ని దినములకు కోసితివి? కాయను నేలమీద ఎండబెట్టితివా, పట్టామీదనా? నేరుగా సమాధానము చెప్పు రైతునకు కిలోకు పది రూపాయలు హెచ్చు ఇచ్చుట నష్టము కాదు. తక్కువ మందులతో పండించినవానికి దిగుబడి తగ్గియుండును. ఆ నష్టమును అతడొక్కడే భరింపవలెననుట న్యాయము కాదు.

కాయ తొడిమతో ఉండవలెను. ఊపినచో గింజ గలగలలాడవలెను. తెల్లబడిన తాలు కాయలను, చీల్చి చూచినచో లోపల బూడిద రంగు బూజు ఉన్నవాటిని కారమునకు చేర్చరాదు. బూజు పుట్టించు విషము ఎండకును పోదు, పోపునకును పోదు. రంగు బాగుండుటకు బ్యాడిగి కాయ, ఘాటునకు గుంటూరు సన్నము లేదా తేజ. పిత్త ప్రకృతివారు బ్యాడిగి పాలు హెచ్చించుకొన్నచో కూర ఎర్రగానే ఉండును, కడుపు మండదు. కారపు ఘాటు గింజలో ఉన్నదనుకొని గింజలను దులుపుదురు. అది గింజలను పట్టియుంచు తెల్లని ఈనెలో ఉన్నది. దానిని తీసినచో ఘాటు చాలవరకు తగ్గును. నోరు మండినప్పుడు నీరు త్రాగిన ప్రయోజనము లేదు, ఆ ఘాటు నీటిలో కరగదు. పాలుగాని, వెన్న తీయని మజ్జిగగాని పుక్కిలించి మ్రింగవలెను. చేతులు మండినచో ముందు నూనె రాచి, తరువాత సబ్బుతో కడుగవలెను.

అర్శస్సులు, గ్రహణి, కడుపులో పుండు ఉన్నవారికి ఏ మిరపయు హితము కాదు, ఇంట పండినదైనను. వారికి కొద్దిపాటి మిరియము, అల్లము వైద్యుని అనుమతితో చాలును.

ఆ ఉపాధ్యాయినిగారు ఆ పది మొక్కలను పీకి, మట్టిని ఎండకు ఆరబోసి, వేసవిలో తోటకూర వేసినారు. మరు సంవత్సరము శ్రావణ మాసములో అయిదు కుండీలే నాటినారు. టమాటాను మేడకు అవతలి మూలకు మార్చినారు. ఆ కార్తిక మాసములో ఒక కాగితపు పొట్లములో కాయలు తెచ్చి ఇచ్చినారు. ఒకటి రెండు వంకరగా ఉన్నవి, ఒకదానికి పురుగు తొలిచిన రంధ్రమున్నది. "వీటికి ఏమీ కొట్టలేదండీ" అన్నారు. రంధ్రమున్నదానిని తీసివేసి, మిగిలినవాటిని మా ఇంటిలో కొబ్బరి పచ్చడికి ఇచ్చితిని.